రెండో రోజు వచ్చిన జ్వరం

నాన్నగారికి గుండెపోటు వచ్చిన రెండో రోజు సాయంత్రం జ్వరం వచ్చింది. మూసుకుపోయిన రక్తనాళం తెరిచి స్టెంట్ వేసి అప్పటికి ఒక రోజు దాటింది. ఛాతీ నొప్పి పూర్తిగా తగ్గి, ఆయన మంచం మీద కూర్చుని మజ్జిగ అన్నం కావాలని అడుగుతున్నారు. అయినా ఒళ్ళు వెచ్చగా ఉందని అమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి చెప్పింది. సిస్టరు వచ్చి థర్మామీటరు పెడితే 100.6 చూపించింది. ఆ ఉదయం తీసిన రక్తం రిపోర్టులో తెల్లకణాలు 13,900 ఉన్నాయి, ఒంట్లో వాపు ఉంటే పెరిగే ప్రోటీన్ అయిన సీఆర్‌పీ ఉండవలసిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంది. ఇరవై రెండేళ్ళుగా జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతున్నదాన్ని కనుక ఆ రెండు అంకెలు చూడగానే నాకు తోచిన మాట ఇన్ఫెక్షన్. సెలైన్ సూది గుచ్చిన చోట పట్టిందో, స్టెంట్ వేసిన దారిలో పట్టిందో అని భయపడి, రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి, యాంటీబయాటిక్ ఎందుకు మొదలుపెట్టలేదని కొంచెం గట్టిగానే అడిగాను.

ఆయన వయసు నా పాత విద్యార్థుల వయసే ఉంటుంది. ఏమాత్రం విసుగు లేకుండా రిపోర్టు ఇంకోసారి చూసి, "మేడం, సూక్ష్మజీవులు ఉన్నట్టు ఇక్కడ ఏ గుర్తూ లేదండీ. చనిపోయిన గుండె కండరం వల్ల వచ్చిన జ్వరం ఇది. రెండు మూడు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది, మేము చూస్తూనే ఉంటాం" అన్నారు. ఆయన చెప్పినట్టే నాలుగో రోజుకు తగ్గింది. కానీ "చనిపోయిన కండరం వల్ల జ్వరం" అన్న మాట మాత్రం నన్ను వదలలేదు. చనిపోయినది జ్వరం ఎలా తెప్పిస్తుంది? క్రిమి ఏదీ లేకుండా తెల్లకణాలు ఎవరి మీదికి బయలుదేరాయి? నాన్నగారు ఇంటికి వచ్చిన తరువాత కొన్ని నెలల పాటు, పాఠాలు అయ్యాక రాత్రిపూట కూర్చుని ఈ విషయమే చదివాను. అర్థమైనంత వరకు ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఆ తెల్లవారుజాము గురించి చెప్పాలి. నాలుగు గంటలకు నాన్నగారికి గుండెల్లో బరువుగా, మంటగా అనిపించింది. రాత్రి తిన్న పెసరట్టు అరగలేదని, గ్యాస్ అని అందరం అనుకున్నాం. ఆయన వాము నమిలారు, సోడా తాగారు, కాసేపు అరుగు మీద అటూ ఇటూ నడిచారు. చెమటలు పట్టి కూలబడే వరకు ఆసుపత్రి మాట ఎవరికీ తట్టలేదు. తెనాలి దగ్గరి మా ఊరి నుంచి గుంటూరు చేరేసరికి ఎనిమిది దాటింది. ఈసీజీ తీసి, గుండె ముందు భాగానికి రక్తం తీసుకువెళ్ళే ఎల్‌ఏడీ అనే పెద్ద నాళం పూర్తిగా మూసుకుపోయిందని చెప్పి వెంటనే లోపలికి తీసుకువెళ్ళారు.

ఆ నాలుగు గంటల్లో లోపల ఏం జరిగిందో ఇప్పుడు తెలుసు కనుక, ఆ తెల్లవారుజాము తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. గుండె కండర కణం క్షణం కూడా విశ్రాంతి లేకుండా పనిచేస్తుంది కనుక దానికి ఆక్సిజన్ ఎడతెగకుండా అందాలి. రక్తం ఆగిన ఒకటి రెండు నిమిషాల్లోనే ఆ ప్రాంతం ముడుచుకోవడం మానేస్తుంది, కానీ అప్పటికి అది చనిపోదు. ఇరవై నిమిషాల లోపు రక్తం తిరిగి అందితే చాలావరకు కోలుకుంటుంది. ఆ తరువాత మొదలయ్యే చావు ఒక్కసారిగా రాదు. 1977లో రైమర్, జెన్నింగ్స్ అనే శాస్త్రవేత్తలు కుక్కల గుండెల మీద చేసిన ప్రయోగాల్లో, గుండె గోడ లోపలి పొరలో మొదలైన కణాల చావు గంటలు గడిచేకొద్దీ అలలాగా బయటి పొర వైపు పాకుతుందని చూపించారు. ఆలస్యమైన ప్రతి అరగంటకూ ఆ అల ఇంకొంత కండరాన్ని తనలో కలుపుకుంటుంది. మనిషి గుండెలో ఒంటికంతా రక్తం పంపే గది అయిన ఎడమ జఠరికలో రెండు వందల నుంచి నాలుగు వందల కోట్ల కండర కణాలు ఉంటాయని అంచనా. పెద్ద గుండెపోటు వాటిలో వంద కోట్ల దాకా కొన్ని గంటల్లోనే తుడిచిపెట్టగలదు.

కణం చనిపోవడంలో రెండు పద్ధతులున్నాయని పిల్లలకు ఏటా చెబుతాను. ఒకటి కణం తనంతట తాను ఒక క్రమంలో ముడుచుకుని, తన సరుకునంతా చిన్న చిన్న మూటలుగా కట్టుకుని, చుట్టుపక్కల ఎవరికీ ఇబ్బంది లేకుండా నిష్క్రమించడం. రెండోది శక్తి అడుగంటి, లోపలికి నీరు, కాల్షియం చొరబడి, ఉబ్బి, పొర చీలిపోవడం. గుండెపోటులో రెండూ ఉంటాయి గాని, కథను నడిపేది రెండోదే. పొర చీలిన కణం నుంచి లోపల ఉండవలసినవన్నీ బయటికి వచ్చేస్తాయి. కండరం ముడుచుకోవడానికి పనికివచ్చే ట్రోపోనిన్ అనే ప్రోటీన్ అలాగే రక్తంలోకి వస్తుంది. ఆసుపత్రిలో ఈసీజీతో పాటు గుండెపోటును నిర్ధారించేది ఆ ప్రోటీన్ పరీక్షే. అయితే చీలిన పొర నుంచి వచ్చేది ట్రోపోనిన్ ఒక్కటే కాదు. మిగిలినవాటిని మన శరీరం చదువుకుంటుంది.

వాటిలో ముఖ్యమైనది ఏటీపీ. దాని గురించి కొంచెం ఎక్కువగా రాయాలనిపిస్తోంది, ఎందుకంటే ఆ అణువును లోకానికి తెలియజేసినవారిలో ఒకరు మనవారు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డ్ చేరిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల్లోని భాస్వర పదార్థాలను శోధిస్తూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. జర్మనీలో కార్ల్ లోమన్ అదే ఏడాది ఏటీపీని విడిగా కనుగొన్నారు. కణంలో జరిగే ప్రతి పనికీ ఖర్చయ్యే శక్తి నాణెం ఇదేనని ఆ తరువాత తేలింది. గుండెలో ఏ క్షణానికైనా నిల్వ ఉండే ఏటీపీ కొన్ని సెకన్లకు మాత్రమే సరిపోతుంది కనుక దానిని నిరంతరం తయారు చేసుకుంటూనే ఉండాలి. క్లాసులో ఇంతవరకే చెప్పేదాన్ని. అదే ఏటీపీ కణం బయట కనిపిస్తే దాని అర్థం పూర్తిగా మారిపోతుందని నాన్నగారి జ్వరం తరువాతే తెలుసుకున్నాను. ఆరోగ్యంగా ఉన్న కణజాలంలో కణాల వెలుపల ఏటీపీ దాదాపు ఉండదు. అందువల్ల అక్కడ అది ఒక్కసారిగా పెరిగితే, దగ్గరలో ఏదో కణం పగిలిందని రోగనిరోధక కణాలు గ్రహిస్తాయి. దానిని పసిగట్టడానికే వాటి పైపొర మీద ప్రత్యేకమైన గ్రాహకాలున్నాయి.

ఇలాంటి సంకేతాలు ఇంకా ఎన్నో ఉన్నాయి. హెచ్‌ఎంజీబీ1 అనే ప్రోటీన్ మామూలుగా కేంద్రకంలో డీఎన్‌ఏను అంటిపెట్టుకుని ఉంటుంది. కణం క్రమపద్ధతిలో చనిపోతే అది అక్కడే ఉండిపోతుందని, పగిలి చనిపోతే మాత్రం బయటికి వచ్చి శోథను రేపుతుందని 2002లో మిలాన్ నగరానికి చెందిన బియాంకీ బృందం చూపించింది. వైద్యులు ఇన్‌ఫ్లమేషన్ అనే ఈ ప్రక్రియకు మన పుస్తకాల్లో వాడే మాట శోథ. మామూలు మాటల్లో వాపు అంటాం గాని, వాపు దానిలో ఒక లక్షణం మాత్రమే. రోగనిరోధక వ్యవస్థ పరాయిదాన్ని చూసి కాదు, ప్రమాదాన్ని చూసి కదులుతుందని పాలీ మాట్జింగర్ 1994లో ప్రతిపాదించినప్పుడు చాలామంది ఒప్పుకోలేదు. ఆమె వాదనలో అన్ని అంశాలూ నిలిచాయని చెప్పలేం గాని, గుండెపోటు దగ్గరికి వచ్చేసరికి ఆమె చూపు సరైనదనే నాకు అనిపిస్తుంది. ఇక్కడ పరాయిది ఏమీ లేదు. ఉన్నదంతా మన కణమే, మన ప్రోటీనే. ఉండకూడని చోట ఉండటమే దాని నేరం.

నా ప్రశ్నకు అసలైన జవాబు కణానికి శక్తి తయారు చేసే మైటోకాండ్రియాలో దొరికింది. గుండె కండర కణం పరిమాణంలో దాదాపు మూడో వంతు మైటోకాండ్రియాలే ఉంటాయి. ఒకప్పుడు స్వతంత్రంగా బతికిన బాక్టీరియాలే పెద్ద కణాల్లో చేరి మైటోకాండ్రియాలుగా స్థిరపడ్డాయన్న సిద్ధాంతానికి 1967లో లిన్ మార్గులిస్ ఇచ్చిన రూపాన్ని నేను ఏటా ఇష్టంగా చెబుతాను. వాటికి ఇప్పటికీ సొంత డీఎన్‌ఏ ఉంది, అది బాక్టీరియా డీఎన్‌ఏలాగే వలయాకారంలో ఉంటుంది. అవి తయారు చేసే ప్రోటీన్లు కూడా బాక్టీరియాల్లో మాదిరిగానే ఫార్మైల్ గుర్తుతో మొదలవుతాయి. కణం లోపల ఉన్నంతకాలం ఈ పోలిక ఎవరి కంటా పడదు. కణం పగిలి మైటోకాండ్రియా ముక్కలు బయటికి చిందినప్పుడు మాత్రం, సూక్ష్మజీవులను పట్టడానికి సిద్ధంగా ఉన్న గ్రాహకాలు వీటినీ పట్టుకుంటాయి. బాక్టీరియా డీఎన్‌ఏను గుర్తించే టీఎల్‌ఆర్9 దీనినీ గుర్తిస్తుంది, ఫార్మైల్ ముక్కల వాసన పట్టి తెల్లకణాల్లో ఒక రకమైన న్యూట్రోఫిల్ కణాలు పరిగెత్తుకొస్తాయి. రిపోర్టు చూసి ఇన్ఫెక్షన్ అని నేను పొరపడినట్టే, నాన్నగారి ఒంట్లోని కాపలా కణాలు కూడా ఎన్నో కోట్ల ఏళ్ళ నాటి బంధుత్వం వల్ల పొరపడుతున్నాయని తెలిసిన రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఇక ఆ రిపోర్టులోని అంకెలు, ఆ జ్వరం ఎలా వచ్చాయన్నది. గుండె గోడలో పుట్టుకతోనే కాపురముండే మాక్రోఫేజ్‌లు, అంటే భక్షక కణాలు, ఈ సంకేతాలను మొదట అందుకుంటాయి. వాటి లోపల ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే ప్రోటీన్ చుట్టూ ఇన్‌ఫ్లమసోమ్ అనే యంత్రం బిగుసుకుని, అప్పటిదాకా నిద్రాణంగా ఉన్న సంకేత ప్రోటీన్ అయిన ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను కత్తిరించి చురుకైన రూపంలో బయటికి పంపుతుంది. అది మెదడులో ఒంటి వేడిని అదుపు చేసే హైపోథాలమస్ మీద ప్రభావం చూపితే జ్వరం వస్తుంది. దాని ప్రేరణతో పుట్టే ఇంటర్‌ల్యూకిన్-6 కాలేయాన్ని కదిలిస్తే సీఆర్‌పీ పెరుగుతుంది. ఎముక మజ్జకు కబురు అందితే తెల్లకణాల లెక్క పెరుగుతుంది. ఏ సూక్ష్మజీవీ లేకుండానే మూడూ వచ్చాయి. ఇన్ఫెక్షన్ నిజంగా ఉంటే కూడా ఇవే వస్తాయి కనుక, గుండెపోటు తరువాత జ్వరం వస్తే ఇంట్లోవాళ్ళు దీనిని చదివి ఊరుకోకూడదు. ఏది ఏదో తేల్చవలసింది డాక్టరే.

గంటల్లో న్యూట్రోఫిల్‌లు చేరతాయి, మొదటి రెండు మూడు రోజులు వాటిదే రాజ్యం. చచ్చిన కణాల అవశేషాలను కరిగించడానికి అవి ఎంజైములను, చురుకైన ఆక్సిజన్ పదార్థాలను విడుదల చేస్తాయి. అవి చచ్చినవాటికీ బతికున్నవాటికీ తేడా చూడవు కనుక పక్కనున్న కండరానికీ కొంత నష్టం జరుగుతుంది. వాటి వెనుక మరో రకం తెల్లకణాలైన మోనోసైట్‌లు వస్తాయి. ఎలుకల్లో ఇవి మజ్జ నుంచే కాక ప్లీహం నుంచి కూడా పెద్ద సంఖ్యలో బయలుదేరతాయని 2009లో బోస్టన్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. పనికిరాని అవయవమని ఒకప్పుడు అనుకున్న ప్లీహం ఇలాంటి రోజు కోసం సైన్యాన్ని దాచి ఉంచుతుందన్నమాట. ఆ మోనోసైట్‌లలో మొదటి విడతవి శుభ్రం చేసేవి, నాలుగైదు రోజుల తరువాత ఎక్కువయ్యేవి కట్టేవి.

ఈ రెండు విడతల నడుమ జరిగే మలుపే మొత్తం ప్రక్రియలో నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది. శుభ్రం చేసే పని ఆగి కట్టే పని మొదలు కావాలని ఎవరు చెబుతారు? చెప్పేది మళ్ళీ ఆ చనిపోయిన కణాలే. మాక్రోఫేజ్ ఒక చచ్చిన కణాన్ని మింగి జీర్ణం చేసుకునే క్రమంలో దాని స్వభావమే మారుతుంది. రెచ్చగొట్టే రసాయనాలను తగ్గించి, ఇంటర్‌ల్యూకిన్-10, టీజీఎఫ్-బీటా వంటి శాంతపరిచే, కట్టడానికి ప్రేరేపించే వాటిని విడుదల చేయడం మొదలుపెడుతుంది. మింగడానికి కావలసిన మెర్‌టీకే అనే గ్రాహకం లేని ఎలుకల్లో చెత్త పేరుకుపోయి, శోథ చల్లారక, గుండె పనితీరు దెబ్బతింటుంది. అలారం మోగించిన కణమే, తనను మింగినవాడి చేత ఆ అలారాన్ని ఆపిస్తుంది. కోట్ల కణాలు చనిపోయిన చోట ఇంత క్రమం ఉంటుందని నేను ఊహించలేదు.

ఇంతవరకు చెప్పినది చాలావరకు గాయం నడిమధ్యన, పూర్తిగా చనిపోయిన ప్రాంతంలో జరిగేది. గత కొన్నేళ్ళలో శాస్త్రవేత్తల చూపు గాయం అంచుల మీదికి మళ్ళింది. చనిపోయిన కండరానికీ ఆరోగ్యంగా ఉన్న కండరానికీ మధ్య సన్నని సరిహద్దు ఉంటుంది. అక్కడి కణాలకు రక్తం అందుతుంది, అవి బతికే ఉంటాయి. కానీ ఒకవైపు పొరుగువారు చనిపోయి పట్టు వదిలేశారు, మరోవైపు మిగిలిన గుండె రోజుకు లక్షసార్లు లాగుతూనే ఉంటుంది. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కెవిన్ కింగ్ బృందం 2024లో నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధన ఈ సరిహద్దు గురించినదే. ఈ లాగుడుకు అక్కడి కండర కణాల కేంద్రకాలు చీలి, లోపలి డీఎన్‌ఏ కణద్రవంలోకి కారుతుందని, దానిని చూసిన కణం వైరస్ చొరబడిందన్నట్టుగా టైప్-1 ఇంటర్‌ఫెరాన్ సంకేతాన్ని మొదలుపెడుతుందని వారు చూపించారు.

ఇది చిన్న విషయం కాదు. అదే కింగ్ 2017లో బోస్టన్‌లో ఉన్నప్పుడు, గుండెపోటు తరువాత ఈ ఇంటర్‌ఫెరాన్ సంకేతం పుడుతుందని, అది లేని ఎలుకలు మెరుగ్గా బతుకుతాయని కనుగొన్నారు. అప్పుడు దానికి కారణం చచ్చిన కణాల డీఎన్‌ఏను మింగిన మాక్రోఫేజ్‌లు అనుకున్నారు. 2024 పరిశోధనలో ఆ సంకేతానికి కావలసిన ఐఆర్‌ఎఫ్3 అనే జన్యువును ఒక్కొక్క రకం కణం నుంచి విడివిడిగా తొలగించి చూశారు. మాక్రోఫేజ్‌ల నుంచి, న్యూట్రోఫిల్‌ల నుంచి, మచ్చ కణజాలాన్ని అల్లే ఫైబ్రోబ్లాస్ట్‌ల నుంచి తీసేసినా సరిహద్దులో ఇంటర్‌ఫెరాన్ సంకేతమిచ్చే కణాల గుంపులు అలాగే ఉన్నాయి. కండర కణాల నుంచి తీసేసినప్పుడే అవి మాయమయ్యాయి. అంటే ఆ అంచున శోథను రగిలించేది బయటినుంచి వచ్చిన రక్షక కణం కాదు, దెబ్బ తిని బతికున్న గుండె కణమే. ఆ ఇంటర్‌ఫెరాన్ అక్కడి ఫైబ్రోబ్లాస్ట్‌లు గోడను బిగించే పనిని మందగింపజేస్తుంది. గుండె గోడ చీలి చనిపోయిన ఎలుకల్లో ఈ గుంపులు సరిగ్గా చీలిన చోటును ఆనుకునే ఉన్నాయి. తన ముందరి పరిశోధనలో చెప్పినదాన్నే ఏడేళ్ళ తరువాత తానే సరిదిద్దుకోవడం నాకు ఎంతో గౌరవం కలిగించింది. నా విద్యార్థులకు విజ్ఞానశాస్త్రం అంటే ఇదీ అని చూపించడానికి దీన్ని వాడుకుంటున్నాను.

గోడ చీలడం అనే ప్రమాదం ఎలుకలకే పరిమితం కాదు. చచ్చిన కండరాన్ని కరిగించడం ముందుగా, కొత్త కణజాలం కట్టడం తరువాత జరుగుతాయి కనుక, వాటి నడుమ మూడో రోజు నుంచి వారం దాకా గోడ అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది. రక్తనాళాన్ని త్వరగా తెరవడం అలవాటైన తరువాత ఈ చీలిక చాలా అరుదైపోయింది. ఆ రోజుల్లో నాన్నగారిని బాత్‌రూమ్ దాకా కూడా తోడు లేకుండా వెళ్ళనివ్వకపోతే ఆయనకు చిరాకు వచ్చింది, నాకు కూడా అతి జాగ్రత్త అనిపించింది. ఇప్పుడు అలా అనిపించడం లేదు.

రెండో వారం నుంచి ఫైబ్రోబ్లాస్ట్‌ల పని. టీజీఎఫ్-బీటా ప్రేరణతో అవి ముడుచుకునే శక్తి గల మయోఫైబ్రోబ్లాస్ట్‌లుగా మారి కొలాజెన్ దారాలు అల్లుతాయి. గుండెపోటుతో చనిపోయిన 72 మంది గుండెలను పరిశీలించి, మానడం ఏ రోజుకు ఎంతవరకు వస్తుందో 1939లో మేలరీ, వైట్ తదితరులు రాసిన లెక్క ఇప్పటికీ స్థూలంగా నిలుస్తుంది. చిన్న గాయమైతే అయిదు వారాలకు, పెద్దదైతే రెండు నెలలకు గట్టి మచ్చ ఏర్పడుతుంది. ఆరు వారాలు బరువులు ఎత్తవద్దని, పొలం పనికి వెళ్ళవద్దని డాక్టరుగారు చెప్పినప్పుడు అది ఒక ఆనవాయితీ అనుకున్నాను. అది కొలాజెన్ దారాలు ఒకదానితో ఒకటి ముడిపడటానికి పట్టే కాలం.

మచ్చ మరీ పలచనైతే గోడ సాగుతుంది, మరీ విస్తరిస్తే ఆరోగ్యంగా ఉన్న భాగం కూడా బిరుసెక్కుతుంది. మచ్చ గట్టిపడిన తరువాత కూడా గుండె తన ఆకారం మార్చుకుంటూ, నెలల తరబడి ఉబ్బిపోయే అవకాశం ఉంది. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు రాసిచ్చే మాత్రల్లో రామిప్రిల్ లాంటిది ఒకటి ఉంటుంది. బీపీ లేనివారికి కూడా ఇది ఎందుకని మా పెదనాన్నగారు అడిగారు. 1992లో వెలువడిన సేవ్ అనే అధ్యయనంలో, గుండెపోటు తరువాత గుండె బలహీనపడిన 2,231 మందిలో సగం మందికి ఆ కోవకే చెందిన క్యాప్టోప్రిల్ ఇచ్చి చూస్తే వారిలో మరణాలు 19 శాతం తగ్గాయి. గుండె అలా ఉబ్బిపోకుండా ఆపడమే ఆ మాత్ర చేసే ముఖ్యమైన పని.

శోథ ఇంత నష్టం కూడా చేస్తున్నప్పుడు దానిని మొదట్లోనే అణచివేస్తే సరిపోతుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. వైద్యులకూ అనిపించింది. 1970ల్లో స్టెరాయిడ్‌లు ఇచ్చి చూశారు. 1976లో రాబర్ట్స్ బృందం ప్రచురించిన ఫలితాల్లో మిథైల్‌ప్రెడ్నిసొలోన్ పదేపదే ఇచ్చినవారిలో గాయం తగ్గకపోగా పెరిగింది. మంటతో పాటు శుభ్రం చేసేవాళ్ళనూ కట్టేవాళ్ళనూ కలిపి ఆపేస్తే జరిగేది అదే. ఆ తరువాతి ప్రయత్నాలు మరింత సూటిగా సాగాయి. 2017లో వెలువడిన కాంటోస్ అధ్యయనంలో, గతంలో గుండెపోటు వచ్చి సీఆర్‌పీ ఎక్కువగా ఉన్న 10,061 మందిపై ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను ఒక్కదాన్నే అడ్డుకునే కనకినుమాబ్‌ను పరీక్షించారు. 150 మిల్లీగ్రాముల మోతాదులో తిరిగి గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి, కొలెస్టరాల్ ఏమాత్రం తగ్గకుండానే. కానీ ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్లు పెరిగాయి. నిజమైన శత్రువు వచ్చినప్పుడు కూడా ఆ అలారం అవసరమే కదా.

గౌట్ నొప్పులకు తరతరాలుగా వాడుతున్న కొల్చిసిన్ కథ ఇంకా తేలలేదు. మన అడవి అంచుల్లో ఎర్రగా, నిప్పు రవ్వలా పూచే అడవినాభి దుంపలో, గింజల్లో ఉండేది ఇదే పదార్థం. అది ప్రాణం తీసే విషం కనుక దాని జోలికి ఎవరూ వెళ్ళకూడదు. మందుగా అతి చిన్న మోతాదులో వాడినప్పుడు, 2019 నాటి కోల్‌కాట్ అధ్యయనంలో గుండెపోటు వచ్చిన 4,745 మందిని చూస్తే, మళ్ళీ గుండెపోటు, పక్షవాతం వంటి ప్రమాదాలు ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 7.1 శాతం, మందు వేసుకున్నవారిలో 5.5 శాతం. 2024లో 7,062 మందితో ముగిసిన క్లియర్ సినర్జీ అధ్యయనంలో చెప్పుకోదగిన ప్రయోజనమేదీ కనిపించలేదు. ఒకే మందు, దాదాపు ఒకే రకం రోగులు, రెండు వేరు వేరు జవాబులు. ఏ రోజున, ఎంతకాలం, ఎవరికి అన్నది తేలనంతవరకు ఈ మందులు ఇలాగే ఊగిసలాడుతాయని నా అభిప్రాయం. మొదటి రోజు చెరుపు చేసేది మూడో రోజు మేలు చేస్తున్నప్పుడు, రోజు తెలియకుండా మందు వేయడం కష్టం.

ఇదే మా ఇంట్లో వేరే రూపంలో ఎదురైంది. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు ఎప్పటినుంచో ఉన్నాయి, నొప్పి ఎక్కువైనప్పుడల్లా మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ మాత్రలు తెప్పించుకుని వేసుకోవడం ఆయనకు అలవాటు. ఇంటికి వచ్చిన పదో రోజున దిండు కింద ఆ మాత్రల అట్ట కనిపించింది. డాక్టరుగారికి ఫోన్ చేస్తే వెంటనే ఆపేయమన్నారు. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు గుండెపోటు వచ్చినవారిలో మళ్ళీ గుండెపోటు ప్రమాదాన్ని పెంచుతాయి, మచ్చ సరిగా కట్టడాన్ని కూడా చెడగొట్టగలవు. డాక్టరు రాసిన చిన్న మోతాదు ఆస్పిరిన్ వేరు, దానిని మానకూడదు. మన ఊళ్ళలో నొప్పి మాత్రను ఎవరూ మందు కింద లెక్కపెట్టరు. గుండెపోటు వచ్చిన మనిషి ఇంట్లో ఉంటే, దిండు కింద, చొక్కా జేబులో, పొలం సంచిలో ఒకసారి వెతకండని ఈ రాత చదివేవారిని నిజంగా వేడుకుంటున్నాను.

కొత్త కండరం ఎందుకు పుట్టదన్న ప్రశ్న మిగిలింది. 1950లు, 60ల నాటి అణు పరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 మనుషుల డీఎన్‌ఏలోకి చేరిన తీరును కొలిచి, స్వీడన్ శాస్త్రవేత్తలు 2009లో ఒక లెక్క తేల్చారు. ఇరవై అయిదేళ్ళ వయసులో గుండె కండర కణాల్లో ఏడాదికి ఒక శాతం కొత్తవి పుడతాయి, డెబ్బై అయిదు వచ్చేసరికి అది అర శాతం కంటే తగ్గిపోతుంది. జీబ్రా చేప జఠరికలో ఐదో వంతు కోసేసినా రెండు నెలల్లో తిరిగి పెంచుకుంటుంది. పుట్టిన మర్నాడు ఎలుక పిల్ల కూడా పెంచుకోగలదు, వారం తిరిగేసరికి ఆ శక్తి పోతుంది. ఆ పసి ఎలుక పిల్లల్లో మాక్రోఫేజ్‌లను తొలగిస్తే గుండె తిరిగి పెరగడం లేదని 2014లో తేలింది. శోథ లేకపోతే మచ్చే కాదు, కొత్త కండరం కూడా రాదు.

మూడు నెలల తరువాత ఎకో తీయించడానికి నాన్నగారితో వెళ్ళాను. గుండె పంపింగ్ శక్తి మొదట 38 శాతం ఉండేది, ఇప్పుడు 46కు వచ్చింది. తెర మీద గుండె కొట్టుకుంటుంటే, ముందు గోడలో కింది భాగం మాత్రం పలచగా, తెల్లగా, దాదాపు కదలకుండా కనిపించింది. డాక్టరుగారు వేలితో చూపించి అదే మచ్చ అన్నారు. నాన్నగారు పక్కకు తిరిగి పడుకునే మెడ ఎత్తి దానిని చాలాసేపు చూశారు.

"ఆ ముక్క ఇక కదలదాండీ?" అని అడిగారు.

"కదలదండీ. కానీ గట్టిగా పట్టుకుని ఉంది, సాగలేదు. మిగిలిన గుండె దాన్ని ఆనుకుని బాగా పనిచేస్తోంది" అన్నారు ఆయన.

నాన్నగారు లేచి చొక్కా గుండీలు పెట్టుకుంటూ, వచ్చే నెల మినుము చల్లే వేళకు చేలో దిగవచ్చా అని అడిగారు. గట్టు మీద నడవవచ్చని, మందు కొట్టే ట్యాంకు మాత్రం వీపున వేసుకోవద్దని డాక్టరుగారు చెప్పారు.